యేర్ అంటే నీళ్లు

బీఎడ్ పూర్తయిన ఏడాది నేను పంపిన దరఖాస్తులన్నిటికీ ఇంచుమించు ఒకటే జవాబు: కనీసం రెండేళ్ల అనుభవం కావాలి. హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్లయితే ఐబీయో కేంబ్రిడ్జో సిలబస్ చెప్పిన అనుభవమే ఉండాలనేవి. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది, అనుభవం ఉంటే గానీ ఉద్యోగం ఇవ్వరాయె! కొత్తగా చదువు ముగించుకున్న టీచర్లందరూ ఈ గడప దగ్గర కొన్నాళ్లు నిలబడాల్సిందే. నేను ఏడు నెలలు నిలబడ్డాను. ఆ ఏడు నెలల్లో అనుభవం అన్న మాట మీదే నాకు పగలాంటిది పుట్టింది.

మాది కిరండూల్. బస్తర్ దక్షిణపు కొసన, బైలడిల్లా కొండల కింద. నాన్న అక్కడి ఇనుప గనుల్లో ఫిట్టరు. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డాడు. బైలడిల్లా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి చూస్తే కొండ అలాగే ఉంటుంది. ఆ మూపురాన్ని తవ్విన ఖనిజం జపాన్‌కు పంపడానికి 1960ల్లో విశాఖపట్నం నుంచి అరకు మీదుగా రైలుమార్గం వేశారు. ఖనిజం బళ్లు వరసగా కిందికి దిగుతుంటే, మా ప్యాసింజరు వాటికి దారిస్తూ ఆగి ఆగి వెళ్లేది. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరెళ్తూ సొరంగాలు లెక్కపెట్టేవాళ్లం, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట లెక్క తప్పేది. మా క్వార్టర్ల వీధిలో తెలుగు, ఒడియా, బెంగాలీ, మలయాళం, హిందీ అన్నీ వినపడేవి. కొండ కింది పల్లెల నుంచి సంతకు వచ్చేవాళ్ల గోండి కూడా వినపడేది. వినపడేది, అంతే. ఇరవై మూడేళ్లు దాని పక్కనే బతికి ఒక్క మాట నేర్చుకోలేదు నేను. వానచప్పుడులాగా అదీ ఒకటి ఉంటుందనుకున్నాను.

చివరికి ఉద్యోగం దొరికింది జగదల్‌పూర్‌లో. ఊరి శివార్లలో ఒక ప్రైవేటు స్కూలు, పేరు చివర 'ఇంటర్నేషనల్' ఉంది. డెమో క్లాసుకు పిల్లలు లేరు. ప్రిన్సిపల్, ఇద్దరు సీనియర్ టీచర్లు బెంచీల్లో పిల్లల్లా కూర్చున్నారు. బోర్డు మీద నీటి చక్రం బొమ్మ గీసి, ఆవిరి, మేఘం, వాన అంటూ ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాను. ఉచ్చారణ బాగుందన్నారు. ఆరో తరగతికి సైన్స్ టీచరు. ఏడాది ప్రొబేషన్. జీతం ఎంతో చెప్పాక ఇంటికి ఫోన్ చేస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంతయితే ఏటమ్మా, మొదటి జీతం మొదటి జీతమే. పిల్లలకి బాగా సెప్పు, అదే సాలు" అన్నాడు. చేరే రోజు పొద్దున మా ప్యాసింజరెక్కి నా పెట్టె దించిపోవడానికి తనే వచ్చాడు. గేటు మీద పెద్ద అక్షరాల బోర్డు చూసి, దాని కింద నన్ను నిలబెట్టి ఫొటో తీశాడు.

ఆ ఫొటోలోని 'ఇంటర్నేషనల్' అన్న మాట గురించి నేను చాలా ఆలోచించాను. 1924లో జెనీవాలో ఇంటర్నేషనల్ స్కూలు పెట్టినప్పుడు అక్కడ నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కొత్తగా పనిచేస్తున్నాయి. ఆ ఉద్యోగుల పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో దేశం నుంచి, ఒక్కో భాషతో వచ్చారు. వాళ్లందరూ ఒకచోట కూర్చుని చదువుకోవడానికి బడి కావాల్సి వచ్చింది. ఆ జెనీవాలోనే 1968లో ఐబీ పుట్టింది. మన దేశంలో మొదట అందుకున్నది కొడైకెనాల్‌లోని స్కూలు, 1976లో. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చినప్పుడూ అంతే, జొన్నల మీద, కందుల మీద పరిశోధన చేయడానికి దేశదేశాల శాస్త్రవేత్తలు కుటుంబాలతో దిగారు, వాళ్ల పిల్లల కోసం బడి వచ్చింది. ఎక్కడ చూసినా ముందు పిల్లలు వచ్చారు, తర్వాత ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో ముందు బోర్డు వస్తోంది.

అయితే జగదల్‌పూర్‌లో ఆ బోర్డు అబద్ధం కాదని నాకు మొదటి రోజు హాజరు పిలుస్తుంటేనే అనిపించింది. ముప్పై ఎనిమిది పేర్లు. కశ్యప్, బఘేల్, నాగ్, మండావి, సర్కార్, పాత్రో, జైన్, నాయర్, యాదవ్, రెడ్డి. సర్కార్‌ల తాతలు తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చి, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద ఈ అడవిలో భూములు పొందినవాళ్లు. నాయర్ పిల్లాడి తల్లి ఆసుపత్రిలో నర్సు. యాదవ్ తండ్రి సీఆర్‌పీఎఫ్‌లో, ఊరు బీహార్‌లో. పాత్రోలది ఒడిశా సరిహద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు పేదవాళ్లకి వదలాల్సిన 25 శాతం సీట్లలో చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఉన్నారు, వాళ్లలో హల్బీ మాట్లాడేవాళ్లు కొందరు, భత్రీ మాట్లాడేవాళ్లు కొందరు. నేను తర్వాత ఒక కాగితం మీద లెక్క వేశాను. మా ఒక్క క్లాసులో తొమ్మిది ఇంటిభాషలున్నాయి. జెనీవా వాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువతో మొదలుపెట్టి ఉండరు.

కానీ మా స్కూలుకు ఆ తొమ్మిదీ చీపురుతో ఊడ్చి బయట పోయాల్సిన చెత్త. నియమం ఒకటే: గేటు లోపల ఇంగ్లీషు తప్ప వినపడకూడదు. ప్రతి క్లాసుకూ ఒక అట్టముక్క ఇచ్చారు, మెళ్లో వేసుకోవడానికి దారంతో. దాని మీద ఇంగ్లీషులో 'నేను ఇంగ్లీషులోనే మాట్లాడతాను' అని ఉంటుంది. ఎవరైనా వేరే భాషలో ఒక్క మాటన్నా అట్ట వాళ్ల మెళ్లోకి వస్తుంది. వాళ్లు ఇంకొకర్ని పట్టుకుని ఇచ్చేదాకా అది దిగదు. చివరి గంటకు ఎవరి మెళ్లో ఉంటే వాళ్లు మర్నాడు అసెంబ్లీలో నిలబడాలి. ఇది ఒక్క మా బడి కనిపెట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్ దేశపు బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెళ్లో చెక్కముక్క వేసేవాళ్లు. కెన్యాలో తన చిన్నప్పుడు జరిగిన ఇలాంటి శిక్షనే రచయిత గూగీ వా థియోంగో 1986లో అచ్చయిన తన వ్యాసాల పుస్తకంలో రాశాడు. నేను ఆ పుస్తకాన్ని బీఎడ్‌లో చదివినదాన్నే. చదివి, పరీక్షలో దాని మీద మంచి మార్కులు తెచ్చుకుని, ఆ అట్టముక్కను నా చేత్తో పిల్లల మెళ్లో వేశాను. ప్రొబేషన్ భయం ఒక కారణం. అంతకంటే, పిల్లలు మాట్లాడకుండా ఉంటే క్లాసు నా అదుపులో ఉన్నట్టు అనిపించేది. అది నిజం, దాచి లాభం లేదు.

మూడో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్లకు రెండో వారంలోనే ఆ అట్ట పడింది. బీజాపూర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి పోలీసు కానిస్టేబులు. పక్కపిల్లను పెన్సిల్ అడిగింది, ఏ భాషలో అడిగిందో నాకు తెలియలేదు, ఇంగ్లీషు కాదని తెలిసింది. అట్ట వేశాను. ఆ పిల్ల వేరే ఎవరినీ పట్టివ్వలేదు. గంట గంటకూ పిల్లలు ఎదురుచూశారు, ఆమె మాత్రం అలాగే ఉంచుకుంది. మర్నాడు అసెంబ్లీలో నిలబడింది. ఆ రోజు నుంచి ఆమె నోటి వెంట నేను ఏ భాషలోనూ మాట వినలేదు. నోట్సు శుభ్రంగా రాసేది. పేరు పిలిస్తే చెయ్యెత్తేది. పీరియడ్లు గడిచిపోతున్నాయి, సిలబస్ నడుస్తోంది, డైరీలో ఎర్ర సంతకాలు పడుతున్నాయి.

ఆగస్టులో నీటి చక్రం పాఠం వచ్చింది. డెమోలో చెప్పిందే. బయట వాన, కిటికీలు మూశాం, క్లాసంతా చెమ్మ. బొమ్మ గీస్తే డెమోలో తలలూపినట్టు పిల్లలు ఊపలేదు. వరండాలో ఆయా స్టాఫ్‌రూమ్‌కి టీ తీసుకెళ్తోంది. అందరూ ఆమెను దీదీ అంటారు. ఆమెను ఆపి టీ కెటిల్ అడిగి తీసుకున్నాను. మూత తీస్తే ఆవిరి లేచింది. ఒక స్టీలు పళ్లేన్ని దాని మీద బోర్లా పట్టుకున్నాను. నిమిషంలో పళ్లెం అడుగున సన్నటి ముత్యాల్లాంటి చుక్కలు. ఒకదాన్నొకటి అంటుకుని పెద్దవయ్యాయి. పళ్లేన్ని మెల్లగా వంచి బెంచీల మధ్య తిరుగుతుంటే, చుక్కలన్నీ అంచుకు జారి చేరాయి. మూడో బెంచీ దగ్గర ఆ పిల్ల అరచెయ్యి చాపింది. అంచు మీద వేలాడుతున్న చుక్క ఆమె చేతిలో పడింది. వెచ్చగా ఉంటుందనుకోలేదేమో, చెయ్యి వెనక్కి తీసి, దానివైపే చూస్తూ అంది, "యేర్."

క్లాసు మొత్తం నావైపు చూసింది. అట్టముక్క టేబుల్ మీదే ఉంది. నా చెయ్యి దానివైపు వెళ్లలేదు. ఆ మాట నా చెవిలో ఆగిపోయింది. ఏరు. నాగావళి మా అమ్మమ్మకు ఏరే. 'ఏరు దాటి', 'ఏటి ఒడ్డున' అనుకుంటూ పెరిగినదాన్ని. గుమ్మం దగ్గర కెటిల్ కోసం నిలబడ్డ దీదీ హిందీలో అంది, "నీళ్లంటోంది మేడమ్. గోండిలో యేర్ అంటే నీళ్లు."

ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్ ఖాళీ అయ్యాక దీదీని కూర్చోబెట్టి అడిగాను. కాలును ఏమంటారు? కాల్. చేతిని? కై. లెక్కపెట్టమన్నాను. ఉండి, రెండ్, మూండ్, నాలుంగ్. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. గోండి ద్రావిడ భాష అని, తెలుగుకు దగ్గరి చుట్టమని చదువుకున్న సంగతే. దంతెవాడ జిల్లా బారసూర్‌లో 11వ శతాబ్దపు తెలుగు శాసనం ఉందని, ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల అన్నమదేవుడు వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకునేదని కూడా చదివాను. కానీ శాసనం రాతి మీద ఉంటుంది. ఇది వర్షాకాలంలో ఒక పిల్ల అరచేతిలో ఉంది. నేను పుట్టి పెరిగిన చోట, నా చుట్టూ, నా భాషకు అక్కచెల్లెలు ఒకటి ప్రతి సంతరోజూ తిరుగుతుంటే నేను వాన అనుకున్నాను.

దీదీ గోండి, హల్బీ, భత్రీ, హిందీ, ఒడియా మాట్లాడుతుంది. మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ మూడు మించి రావు. ముప్పై ఎనిమిది మంది పిల్లల్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ఎవరు ఏడ్చినా, ఎందుకో తెలిసిన ఏకైక మనిషి ఆమె. ఆమె స్థానం మాత్రం గుమ్మం బయట స్టూలు. నేను ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి, సైన్స్ పీరియడ్‌లో పావుగంట దీదీని లోపల కూర్చోనివ్వమని అడిగాను. పెద్దమనిషి కోప్పడలేదు, జాలిగా చూశాడు. ఫీజు కడుతున్న తల్లిదండ్రులకు ఏం చెప్పాలమ్మా అన్నాడు.

ఆయన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఆ దసరాకు దంతేశ్వరి గుడి దగ్గర రథం చూడటానికి వెళ్లాను. బస్తర్ దసరా 75 రోజుల పండగ, పల్లెపల్లె దేవతలూ జగదల్‌పూర్ వస్తారు. ఆ జనంలో మూడో బెంచీ పిల్ల తండ్రి కనిపించాడు. పిల్లను భుజాల మీద ఎత్తుకుని ఉన్నాడు. ఆ పిల్ల గలగలా మాట్లాడుతోంది, నన్ను చూసి ఆపేసింది. నేను కూతురి భాష గురించి ఎత్తగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. "మేడమ్‌జీ, మా భాష వద్దు. ఇంగ్లీషే నేర్పండి. ఆ భాషతో మేం ఎక్కడున్నామో చూశారుగా." ఆయన ఊరి బడి కొన్నేళ్ల కిందట కూలిపోయిందట. 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం గొడవల్లో బీజాపూర్, సుక్మా వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి, బడులు పోయాయి, పిల్లల్ని వెదురు గోడల పోటా కేబిన్ హాస్టళ్లలో పెట్టారు. చాలా కుటుంబాలు గోదావరి వైపు, ఖమ్మం అడవుల్లోకి వచ్చేశాయి. అక్కడ వాళ్లను గుత్తికోయలంటారు. వాళ్ల పిల్లలు ఇవాళ మన తెలుగు బడుల్లో మూడో బెంచీలో గోడవైపు కూర్చుని ఉన్నారు. మన టీచర్లకు కూడా యేర్ వినపడిందో లేదో!

ఆ తండ్రి అడిగింది న్యాయమే. ఇంగ్లీషు రావాలి. నా అన్నం కూడా ఇంగ్లీషే పెడుతోంది. కానీ ఆ పిల్లకు నీళ్లనే ఇంగ్లీషు మాట ఒంటపట్టింది యేర్ అన్న రోజునే. అంతకుముందు రెండు నెలలు ఆ మాటను నోట్సులో ఇరవైసార్లు రాసింది, ఒక్కసారీ అనలేదు. తన మాట పెదవి దాటాక, మర్నాడే రెండో మాట దాటింది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, నా కళ్లముందు జరిగింది. పైగా మేం పేరు తెచ్చిపెట్టుకున్న ఆ అంతర్జాతీయ చదువు కూడా అట్టముక్క వేయమనలేదు. ఐబీలో ఒక విద్యార్థి మాతృభాష చెప్పే టీచరు బడిలో లేకపోయినా, ఆ భాషా సాహిత్యాన్ని స్వయంగా చదువుకుని మొదటి భాషగా పరీక్ష రాసే ఏర్పాటు ఉంది. అసలైన ఆ బడి మన ఇంటిభాషను లోపలికి పిలుస్తోంది, మేం దాని పేరు పెట్టుకుని గుమ్మంలోనే ఆపేస్తున్నాం.

పాత ఆదిలాబాద్ జిల్లా మార్లవాయి కథ నాకు అప్పుడే గుర్తొచ్చింది. 1940ల్లో నిజాం రాజ్యంలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండు పిల్లలకు బడులు పెట్టాలనుకున్నప్పుడు, పట్నం నుంచి టీచర్లను తీసుకొస్తే లాభం లేదని గ్రహించాడు. గోండు యువకుల్నే కొందరిని మార్లవాయిలో చేర్చి శిక్షణ ఇచ్చి, గోండిలో వాచకాలు తయారుచేయించి, వాళ్లనే పంతుళ్లుగా పంపాడు. అంతకుముందు ఎన్నేళ్లు పాఠం చెప్పావని వాళ్లను అడిగితే వాళ్ల దగ్గర ఏం ఉంటుంది? పిల్లల భాష ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎంత కలిసిపోయారంటే, బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు.

పావుగంట అనుమతి రాలేదు గానీ భోజనాల గంట ఎవరిదీ కాదు. వేపచెట్టు కింద నేనూ, దీదీ, ఓ పదిమంది పిల్లలం కూర్చునేవాళ్లం. వాళ్లు సైన్స్ పుస్తకంలో ఒక మాట చూపించేవాళ్లు, దాన్ని ఎవరింట్లో ఏమంటారో ఒక్కొక్కరూ చెప్పేవాళ్లు. హల్బీలో 'నా పేరు'కి మోచో నావ్ అంటారని నేను నేర్చుకున్నది అక్కడే. నాయర్ పిల్లాడు, రెడ్డి పిల్లాడు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మూడో బెంచీ పిల్ల ఒకరోజు నా తప్పు దిద్దింది, ఇంగ్లీషులో. నేను బోర్డు మీద ఆకు ఈనెల్ని తప్పుగా గీశానని. అట్టముక్కను నేను మళ్లీ ఎవరి మెళ్లోనూ వేయలేదు. అది టేబుల్ సొరుగులో ఉండిపోయింది. ఏడాది చివర ప్రొబేషన్ కాగితంలో 'క్రమశిక్షణలో శ్రద్ధ అవసరం' అని ఒక వాక్యం వచ్చింది. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు.

ఆ రెండో ఏడాది చివరన నాకు రాయ్‌పూర్‌లో వేరే ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల అనుభవం ఉంది కాబట్టి అడగ్గానే ఇచ్చారు. వెళ్లే ముందు శనివారం మధ్యాహ్నం దీదీ ఒక ఫారం పట్టుకుని వచ్చింది. వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ సహాయిక పోస్టు పడిందట. ఎనిమిది చదివాను మేడమ్, రాసిపెడతారా అంది. పేరు, ఊరు, పుట్టిన తేదీ నింపాం. కింద అనుభవం అని ఒక గడి ఉంది. "అదేం లేదు, గీత పెట్టెయ్యండి" అంది. నేను గీత పెట్టలేదు. 'పాఠశాలలో ఐదు భాషల పిల్లలతో పని' అని రాసి, ఎన్నేళ్లయింది దీదీ ఇక్కడ చేరి అని అడిగాను. ఆమె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఉండి, రెండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్, సారుంగ్.

నేను 6 వేశాను.